వెనక ఎడమ అద్దం

జూన్ 2, ఆదివారం

కారు కొని నేటికి తొమ్మిది రోజులు. అమ్మ ఇంతవరకు రెండుసార్లు ఎక్కింది, రెండుసార్లూ ఆసుపత్రికే. గురువారం వెనక ఎడమవైపు కూర్చుంది. ఇంటికొచ్చి చూస్తే ఎడమ చెంపంతా ఎర్రగా పొంగింది. ఎండ తగిలితే అమ్మ చర్మం ఊరుకోదని తెలుసు. అందుకేగా కారు కొన్నది. అద్దంలోంచి వచ్చే ఎండ కూడా అంతేనని డాక్టరు ఇప్పుడు చెప్తున్నాడు. లేత రంగు ఫిల్మ్ ఒకటి ఉంటుందట, చట్టం ఒప్పుకున్నదే. అద్దాలకి లోపలివైపు అంటిస్తే ఎండలోని చెడు ఆగిపోతుందట.

"ఫిల్మా? మా ఉడుత షాపులో చేసే పనే అది!" అంది అమ్మ, డాక్టరేదో తన చిన్నకూతురిని మెచ్చుకున్నట్టు.

చెల్లి చేతులు ఒక్క క్షణం నిలవవని చిన్నప్పుడు పెట్టిన పేరది. నాకు పెట్టిన పేరు పంతులమ్మ. రెండింట్లో ముద్దుగా పెట్టింది ఏదో నాకు తెలియదా?

భోజనాల దగ్గర మళ్లీ అదే మాట.

"శనివారం సగంరోజు సెలవు అడుగుతాలే అమ్మా, చేసేస్తాను" అంది చెల్లి.

"అక్కర్లేదు. నేనే చేసుకుంటాను" అన్నాను.

దాని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నువ్వా?"

"వీడియోలున్నాయి. రోల్ తెప్పించుకుంటే సరి."

"అక్కా, నువ్వు పుస్తకానికి అట్ట వేసుకుంటేనే బుడగలొచ్చేవి. ఇక కారు అద్దం!"

అమ్మ పొలమారేదాకా నవ్వింది.

నేనే ఎందుకు చేస్తానన్నానో రాసి పెట్టుకుంటున్నాను. దానికి సెలవులే తక్కువ, ఉన్నవి నా పనికి పాడు చేయకూడదు. కారు నాది, దాని మంచిచెడ్డలు నాకు తెలిసుండాలి. ఇంతే. వేరే కారణం లేదు.

జూన్ 5

పదకొండు వీడియోలు చూశాను. నాలుగు పేజీల నోట్సు. సబ్బునీళ్ల పాళ్లతో సహా రాసుకున్నాను. రోజూ ల్యాబ్‌లో ఊరి నీళ్లన్నీ కొలిచేదాన్ని, ఒక అద్దం కొలవలేనా?

రోల్ వచ్చింది. చెల్లి దాన్ని వేళ్ల మధ్య ఒకసారి నలిపి చూసి, "పర్లేదు, మంచిదే" అంది. ఎవరడిగారు?

జూన్ 9, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఏడింటికే మొదలుపెట్టాను. అపార్ట్‌మెంటు కింద పార్కింగ్‌లో, గాలి తగలని మూల. అద్దాలు మూడుసార్లు కడిగాను. వెనక ఎడమ అద్దానికి కాగితం పెట్టి మిల్లీమీటరుతో సహా కొలిచి అచ్చు తీశాను. కుడి అద్దం కూడా అదే కొలత కదా అని, ఆ అచ్చుతోనే రెండు ఫిల్ములూ ఒకేసారి, ఒకదానిమీద ఒకటి పెట్టి కోసేశాను. టైం కలిసొచ్చిందని సంబరపడ్డాను కూడా.

ఫిల్మ్‌కి ఒకవైపే జిగురు. ఆ వైపు సన్నటి పారదర్శకపు పొర ఉంటుంది, దాన్ని తీసి అంటించాలి. ఎడమది ఎలాగో అంటింది. కుడి అద్దం దగ్గరికి వెళ్లి పెడితే వంపు అటుది ఇటు, ఇటుది అటు. తిప్పి పెడితే వంపు సరిపోయింది కానీ జిగురు నా ముఖంవైపు వచ్చింది. అలా చేతుల్లో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. రెండు కాళ్లకీ ఎడమ చెప్పులే కుట్టాను!

రోల్‌లోంచి ఇంకో ముక్క తీసి కుడిది మళ్లీ కోశాను. అప్పటికి ఎవరో స్కూటర్ స్టార్ట్ చేశారు, దుమ్ము లేచింది. తడి జిగురుమీద దుమ్ము పడితే ఎలా ఉంటుందో ఇప్పుడు నా కారు చూస్తే తెలుస్తుంది. రబ్బరు పట్టీతో నీళ్లు బయటికి తోస్తుంటే ఒక బుడగ పోతే రెండు పుట్టాయి. మూలల్లో ముడతలు. వెనక పెద్ద అద్దం వంపుగా ఉంటుంది, వేడిగాలి మిషన్‌తో ఫిల్మ్‌ని ముడుచుకునేలా చేయాలట. నా దగ్గర జుట్టు ఆరబెట్టుకునేది ఉంది. దాంతో గంటసేపు ఊదాను. ఫిల్మ్ నాకేసి చూసి ఊరుకుంది.

సాయంత్రం చెల్లి వచ్చింది. షాపులో ఆదివారం రద్దీ, అలిసిపోయి ఉంది. కారు చుట్టూ తిరిగింది. గోటితో అంచు తడిమింది.

"ఒక అచ్చుతో రెండూ కోశావా?"

ఎలా తెలిసింది? "అదేం కాదు" అన్నాను.

"నేనూ మొదటి నెలలో అదే చేశానక్కా. ఓనరు చేత చివాట్లు తిన్నాను" అని నవ్వింది. నన్ను ఓదార్చడానికే అందని తెలుసు. ఆ ఓదార్పుకి ఒళ్లు మండిపోయింది.

పైనుంచి అమ్మ: "పోనీలేవే, దాని పని అది కాదుగా. నువ్వు చేసి పెట్టు."

దాని పని అది కాదుగా. మరి నా పని ఏది?

జూన్ 10

నాకు చెల్లిమీద అసూయ లేదు. నేను చదివాను, అది చదవలేదు. అసూయ పడాల్సి వస్తే అదే పడాలి.

జూన్ 13

డబ్బిచ్చి చేయించుకుంటానని చెప్పేశాను. పెద్ద రోడ్డులో ఇంకో షాపుంది.

"మా షాపు కాకుండానా?" అంది చెల్లి.

"డబ్బిచ్చి చేయించుకుంటే అడిగే హక్కుంటుంది. బాగోలేదంటే మళ్లీ చేయమనొచ్చు."

"నన్ను అడగడానికి నీకు హక్కు లేదా? సరే, నాకూ ఇవ్వు. బిల్లు రాయిస్తాను, సంతకం పెడతాను, ముద్ర కూడా గుద్దుతాను. మా దగ్గర ముద్ర పెద్దది, చూశావంటే నీకు నచ్చుద్ది."

ఎంత గుచ్చినా దానికి కోపం రాదు. అదే భరించలేను.

తర్వాత అసలు సంగతి చెప్పింది. షాపులో ఫిల్మ్ సెక్షన్ చూసే పెద్దాయన మానేస్తున్నాడు. ఒకటో తారీఖు నుంచి ఆ స్థానంలో ఇన్‌ఛార్జి కావాలి. అయితే చెల్లి, లేకపోతే అక్కడే పనిచేసే మీసాలాయన. ఆడపిల్ల ఒంటరిగా మొత్తం కారు చేయగలదా అని ఓనరుకి అనుమానమట. ఇంతవరకు దానికి పక్క అద్దాలే ఇచ్చేవారు, వెనక పెద్ద అద్దం మగవాళ్లే చేసేవారు.

"ఒక్క కారు మొత్తం నేనే చేసి చూపిస్తానన్నానక్కా. ఎవరిదో ఎందుకు, మన కారే అయితే..."

"నా కారు నీ పరీక్షకి పనికిరాదు" అన్నాను.

అమ్మ నావైపు చూసిన చూపు రాయలేను.

జూన్ 15, శనివారం

ల్యాబ్ నుంచి బస్సులో వచ్చేసరికి కారు పార్కింగ్‌లో లేదు. అమ్మ తాళాలు ఇచ్చేసింది. నన్ను అడగలేదు. అయిదింటికి చెల్లి తీసుకొచ్చింది.

నేను అంటించిందంతా పీకేసి, జిగురు గీకి, మొత్తం మళ్లీ చేసింది. వెనక పెద్ద అద్దం ఒకే ముక్కతో.

చూశాను. బయటనుంచి, లోపలినుంచి, ఫోను లైటు వేసి. ల్యాబ్ కోటు జేబులో ఉండిపోయిన భూతద్దంతో అంచులన్నీ వెతికాను. ఒక్క దుమ్ము రేణువు లేదు. ఫిల్మ్ ఉన్నట్టే తెలియదు, అద్దమే కాస్త ఆలోచనలో పడ్డట్టుంది. మూలలు గోరు కూడా దూరనంత సాపుగా ఉన్నాయి.

అమ్మ వచ్చి వెనక ఎడమవైపు కూర్చుంది. ఎండ నేరుగా ఆ అద్దంమీదే పడుతోంది. అమ్మ ముఖం అటు తిప్పి, కళ్లు మూసుకుని, అలాగే కూర్చుంది. అమ్మ ఎండవైపు ముఖం పెట్టగా చూసి ఎన్నేళ్లయిందో.

"చల్లగా ఉందే" అంది. అని చెల్లి చెయ్యి పట్టుకుంది.

అద్దాలు దించే బటన్లమీద చెల్లి కాగితం టేపు వేసింది. "మంగళవారం దాకా ఒక్క అద్దం కూడా దించకక్కా. లోపలి తడి ఆరాలి. ఇప్పుడే దించితే పై అంచు రబ్బరుకి తగులుకుని లేచిపోతుంది." బుధవారం పొద్దున కారు షాపుకి తీసుకురమ్మంది. ఓనరు చూస్తాడు.

థాంక్స్ చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను.

జూన్ 16, ఆదివారం

పక్కింటి నర్సుగారిని, పై వాటాలో ఉండే టైలర్‌ని, లిఫ్ట్ బాగుచేయడానికి వచ్చిన మనిషిని కూడా పిలిచి అమ్మ కారు చూపించింది. "మా చిన్నది. ఒక్కత్తే చేసింది."

నాకు డిగ్రీలో ఫస్ట్ క్లాస్ వచ్చినరోజు కాగితం అమ్మ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎక్కడ పెట్టాలే?" అంది. తప్పు అమ్మది కాదు. చదవడం రాని మనిషికి కాగితం కాగితమే. అద్దం అయితే ముఖానికి తెలుస్తుంది.

మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేను. చెల్లి మూడో తరగతిలో ఆగిపోయింది. అమ్మకి జబ్బు మొదలైంది ఆ ఏడే, పగలు బయటి పనులు చేయడానికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. నాకు పరీక్షలు. ఎవరూ నిర్ణయించలేదు, అలా జరిగిపోయింది.

జూన్ 17

ల్యాబ్ గేటు దగ్గర వాచ్‌మన్‌కి కార్డు చూపించాలి కదా. అలవాటుకొద్దీ అద్దం దించేశాను. మరిచిపోయాను. ఎవరైనా మరిచిపోతారు.

జూన్ 18

టేపు సరిగా అంటలేదు. ఎండకి దానంతటదే ఊడిపోయి ఉంటుంది. ఊడకపోతే నాకు గుర్తుండేది.

మరిచిపోయాను.

జూన్ 19, బుధవారం

పొద్దున ముగ్గురం షాపుకి వెళ్లాం. అమ్మ కూడా వస్తానంది. తలచుట్టూ గుడ్డ చుట్టుకుని ముందు సీట్లో కూర్చుంది, చెల్లి వెనక కుడివైపు. దారిలో అది ఏమీ గమనించలేదు. ఓనరు ఏమంటాడో, తనేం చెప్పాలో అదే ధ్యాస.

ఓనరు బయటికి వచ్చాడు. ముందు వెనక పెద్ద అద్దం చూశాడు. చాలాసేపు చూశాడు. "ఊఁ" అన్నాడు. మీసాలాయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆయన ముఖంలో కూడా మెప్పే ఉంది. తర్వాత కారు ఎడమవైపు వచ్చారు.

వెనక ఎడమ అద్దంమీద ఫిల్మ్ పై అంచంతా లేచి, తొక్కలా లోపలికి చుట్టుకుపోయి ఉంది.

"ఇదేంటమ్మాయ్?" అన్నాడు ఓనరు. నావైపు తిరిగి, "ఈ అద్దం దించారా?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. తెరిచాననే గుర్తు.

చెల్లి తలుపు తీసి అంచు చూసింది. బటన్ చూసింది. నన్ను చూసింది. అన్నీ కలిపి ఊపిరి తీసుకున్నంతసేపు కూడా పట్టలేదు.

"లేదు సార్. అంచు నేనే సరిగా నొక్కలేదు. తప్పు నాదే."

"సొంత అక్క కారుకే ఇలా చేస్తే, కస్టమర్ల కార్లు నీమీద ఎలా వదలమంటావ్? పెద్దద్దం బాగా చేశావు, కాదనను. కానీ ఇన్‌ఛార్జికి నిలకడ కావాలి." ఓనరు మీసాలాయన భుజం తట్టి లోపలికి తీసుకెళ్లాడు.

చెల్లి షాపులోనే ఉండిపోయింది. నేను అమ్మని ఇంట్లో దింపి ల్యాబ్‌కి వెళ్లి పదహారు బాటిళ్ల నీళ్లు పరీక్షించాను. పదహారింటి లెక్కలూ సరిగ్గానే వచ్చాయి.

జూన్ 20

అది ఎందుకలా అంది?

ఒక్క మాటతో నన్ను దాచేసింది. నేనైతే అనేదాన్నా? అననని తెలుసు. అందులో కూడా అదే గెలిచింది. దాని మంచితనం మీద కూడా కుళ్లు పుడుతోంది నాకు, ఇంతకంటే దిగజారడం ఉంటుందా?

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇంట్లో ఇంకెవరికీ చదవడం రాదు కూడా. అయినా ఇందులోనే రెండుసార్లు అబద్ధం రాశాను.

వాచ్‌మన్‌కి కార్డు చూపించింది ముందు అద్దంలోంచే, అద్దం దించకుండానే. ఆయన చెయ్యి ఊపి పంపేశాడు. కారు ల్యాబ్ వెనకాల నీడలో పెట్టాను. అప్పుడు అమ్మ ఫోను చేసింది. నర్సుగారి అల్లుడి కారుకి చెల్లి చేత చేయించాలట, దాని ఫోను నంబరు చెప్పమంది. అంకెలు చదవడానికి నేనే కావాలి మరి. చెప్పాను. ఫోను పెట్టేశాను. టేపు గోటితో లేపాను. నాలుగు బటన్లున్నాయి. వెనక ఎడమది ఏదో చూసుకుని మరీ నొక్కాను. పూర్తిగా దించాను. ఎత్తాను. మళ్లీ దించాను. రెండోసారి చిర్రుమని చప్పుడైంది. టేపు మళ్లీ అంటించేశాను.

చేసింది ఇదీ. మరిచిపోలేదు.

జూన్ 21

చెల్లి మామూలుగానే ఉంది. "ఉప్పు అందుకో అక్కా" అంది. ఉప్పు అందించాను.

జూన్ 22, శనివారం

షాపుకి వెళ్లి ఓనరుతో చెప్పేశాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా ఆయన ముందు నిలబడ్డాక, "అద్దం నేనే దించానండీ. కావాలనే దించాను" అని మాత్రమే వచ్చింది.

ఆయన కళ్లజోడు తీశాడు. "కావాలనా? ఎందుకమ్మా?"

కౌంటర్‌మీద కారు తాళాలు పెట్టి, మళ్లీ తీసుకున్నాను. ఆయన రెట్టించలేదు.

"అంచు చూస్తేనే దించిన అద్దమని తెలుస్తుంది. ఇరవయ్యేళ్లుగా చూస్తున్నా. అందుకే అడిగాను. కానీ తనే ఒప్పుకుంది కదా, నేనేం చేయను?"

"ఇప్పుడు తెలిసింది కదండీ. ఆ పని తనకే ఇవ్వండి."

"అలా ఎలా? చేయని తప్పు నెత్తినేసుకునే మనిషిని ఇన్‌ఛార్జిని చేస్తే రేపు అందరి తప్పులూ మోస్తుంది, నాకు నిజం ఒక్కటీ తెలియదు. మీసాలాయనకి మాటిచ్చేశాను. ఏడాది పోనివ్వండి, చూద్దాం."

ఏడాది.

చెల్లి వెనకనుంచి అంతా వింది. చేతిలో రబ్బరు పట్టీ, నీళ్లు కారుతున్నాయి. నన్ను బయటికి లాక్కెళ్లింది.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"నీకు అన్యాయం..."

"అన్యాయం బుధవారమే అయిపోయింది. నిన్ను పదిమందిలో చిన్నబుచ్చకూడదని నేను నోరు మూసుకున్నా. పోయింది పోయిందనుకున్నా. ఇప్పుడు పనీ దక్కలేదు, నీ పరువూ దక్కలేదు. నేను మోసిందంతా బూడిదలో పోశావు. ఎందుకొచ్చావు? నీకు బరువు తగ్గాలని. అంతేనా కాదా?"

"అంతే" అన్నాను.

దాని గొంతు మారింది. ఇన్నేళ్లలో దాని కోపం చూడలేదు, ఇలా ఉంటుందని తెలియదు.

"నువ్వు బడికి తయారవుతుంటే నాకు ఏడుపొచ్చేది, తెలుసా? సంచి సర్దింది నేనే. అట్టలు చిరిగితే అంటించింది నేనే. అన్నం మెతుకులతో అంటించేదాన్ని. ఇంట్లో ఎన్ని పుస్తకాలుండేవి! నీ పుస్తకం ఒక్కటి చింపానా?"

లోపలికి వెళ్లిపోయింది.

జూన్ 23, ఆదివారం

పొద్దున అమ్మతో చెప్పాను. చెల్లి అప్పటికే షాపుకి వెళ్లింది. అమ్మ కూరగాయలు తరుగుతోంది. విన్నది. కత్తి పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను.

"ఏ అద్దం?" అంది.

"వెనకది. ఎడమది."

"అంటే నేను కూర్చునేది."

తల ఊపాను.

"దానిమీద కుళ్లుకుంటే కుళ్లుకున్నావు. అక్కచెల్లెళ్లన్నాక ఉంటుంది. ఎండ పడేది నా మొహంమీద కదే."

అంతే. మళ్లీ కత్తి తీసుకుంది.

ఇన్ని పేజీలు రాశాను, అచ్చు గురించి, బుడగల గురించి, డిగ్రీ కాగితం గురించి. ఆ అద్దం వెనక ఎవరు కూర్చుంటారో బటన్ నొక్కేటప్పుడు ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టలేదా? నాలుగింట్లో వెతికి అదే నొక్కాను. అమ్మ కళ్లు మూసుకుని కూర్చున్న చోటు అదే కాబట్టి నొక్కాను. ఇక అబద్ధాలు చాలు.

పదింటికి కారు తీసుకుని షాపుకి వెళ్లాను. మామూలు కస్టమర్లు తీసుకున్నట్టే కౌంటర్‌లో చీటీ తీసుకున్నాను. నా ముందు ఆరు కార్లున్నాయి. బెంచీమీద కూర్చున్నాను. చెల్లి నన్ను చూసింది, చూడనట్టు వెళ్లిపోయింది.

ఆరు గంటలు దాని చేతులే చూశాను. ఇన్నాళ్లూ అది పూర్తిచేసినవి చూశానే కానీ చేస్తుంటే ఎప్పుడూ చూడలేదు. అచ్చు లేదు, కొలత లేదు. ఫిల్మ్‌ని అద్దానికి బయటినుంచి ఆనించి బ్లేడుతో ఒక్క గీత, అంచు దగ్గర మణికట్టు చిన్నగా తిప్పడం. అద్దానికి ముఖం ఆనించి ఏదో వింటున్నట్టు ఆగుతుంది. కుడి భుజం పైకెత్తలేకపోతోంది, మధ్యమధ్య ఎడమచేత్తో నొక్కుకుంటోంది. భుజం నొప్పి ఎప్పటినుంచో. ఒకే గదిలో పడుకుంటాం, నాకు తెలియదు.

అసూయ పోయిందని రాయాలని ఉంది. పోలేదు. ఆ మణికట్టు తిప్పడం చూసినప్పుడల్లా ఇప్పటికీ గుచ్చుకుంటోంది. కూర్చునే ఉన్నాను.

నాలుగింటికి మీసాలాయన వచ్చాడు. "ఒక్క అద్దమే కదమ్మా, ఎంతసేపని కూర్చుంటావు? పది నిమిషాల్లో నేను చేసేస్తా."

"వద్దండీ. మా చెల్లి చేయాలి" అన్నాను. దానికి వినపడేంత గట్టిగా, షాపంతా వినపడేంత గట్టిగా.

అది వెనక్కి తిరగలేదు. అయిదో కారు అద్దంమీద నీళ్లు కొట్టింది.

షాపు మూసే వేళకి నా వంతు రాలేదు. రేపటికి సెలవు పెట్టాను. పొద్దున్నే వెళ్లి మళ్లీ చీటీ తీసుకోవాలి.